యూరప్ యూనివర్సిటీల కూటమికి స్టూడెంట్ అంబాసిడర్ కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి అక్టోబరులో కొత్త బ్యాచ్ దిగగానే తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఇవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. ఒకరికి జవాబు రాస్తే రెండు రోజుల్లో ఆ మెసేజ్ ఎక్కడో పైకి వెళ్లిపోతుంది, మూడో రోజు ఇంకొకరు అదే అడుగుతారు. అందుకని అన్నీ ఒకచోట పెట్టాను. నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తూ మా యూనివర్సిటీ ఉన్న కూటమికి అంబాసిడర్‌గా పనిచేశాను కాబట్టి జర్మనీ సంగతులు కాస్త ఎక్కువ కనిపిస్తాయి. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ముందు ఇది తెలుసుకోండి

ఈ యూనివర్సిటీల కూటమి అంటే ఏమిటి? మా యూనివర్సిటీ అందులో ఉందో లేదో కూడా నాకు తెలీదు.

వేర్వేరు దేశాల్లోని యూనివర్సిటీలు కొన్ని కలిసి కోర్సులు, మార్పిడి కార్యక్రమాలు, పరిశోధన ఉమ్మడిగా నడుపుకునే ఏర్పాటు ఇది. 2017 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ సోర్బాన్‌లో చేసిన ప్రసంగంతో ఈ ఆలోచన ఊపందుకుంది. 2019లో యూరోపియన్ కమిషన్ మొదటి విడతగా 17 కూటములను ఎంపిక చేసింది. 2024 నాటికి అవి 64 అయ్యాయి, వాటిలో 35 దేశాలకు చెందిన 560కి పైగా విద్యాసంస్థలు ఉన్నాయి. ఒక్కో కూటమికి నాలుగేళ్లకు గరిష్ఠంగా 1.44 కోట్ల యూరోలు యూరోపియన్ యూనియన్ (ఈయూ) విద్యా కార్యక్రమం ఎరాస్మస్ ప్లస్ నిధుల నుంచి అందుతాయి.

మనవాళ్లు ఎక్కువగా చేరే చోట్లు చూడండి. ఆఖెన్, టీయూ (టెక్నికల్ యూనివర్సిటీ) బెర్లిన్, మిలాన్ పాలిటెక్నిక్, స్వీడన్‌లోని చామర్స్ ‘ఎన్‌హాన్స్’ కూటమిలో ఉన్నాయి. టీయూ డార్మ్‌స్టాట్, స్టాక్‌హోమ్ కేటీహెచ్, ట్యూరిన్ పాలిటెక్నిక్ ‘యునైట్’లో, హైడెల్‌బర్గ్, సోర్బాన్, మిలాన్ యూనివర్సిటీ ‘ఫోర్‌ఈయూ ప్లస్’లో, బొలోన్యా, లూవెన్, హెల్సింకీ ‘ఊనా యూరోపా’లో ఉన్నాయి. మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అంతర్జాతీయ విభాగం పేజీ తెరిస్తే అక్కడ కూటమి పేరు కనిపిస్తుంది.

ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్, ఇదీ ఒకటేనా?

కాదు. ఎరాస్మస్ ముండస్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే ఒక మాస్టర్స్ కోర్సు. దానికి ఇండియా నుంచే విడిగా దరఖాస్తు చేస్తారు, ఎంపికైన కొందరికి నెలకు 1,400 యూరోల స్కాలర్‌షిప్ వస్తుంది. కూటమిలో అలా కాదు. అందులోని ఒక యూనివర్సిటీలో మామూలుగా సీటు తెచ్చుకుని చేరితే చాలు, అక్కడి కార్యక్రమాలకు మీరు అర్హులవుతారు. ఈ సంగతి తెలియక రెండేళ్లూ ఒక్క కోర్సుకు కూడా పేరు ఇవ్వకుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అంబాసిడర్లు కావాల్సింది ఇందుకే.

అంబాసిడర్ చేసే పని ఏమిటి? రీల్స్ చేయడమేనా?

రీల్స్, పోస్టులు అందులో ఒక భాగం. అసలు పని మాత్రం మనుషులతో మాట్లాడటం. ఓరియంటేషన్ వారంలో స్టాల్ దగ్గర నిలబడతారు, కోర్సు వాళ్లు పిలిస్తే క్లాసుకు వెళ్లి పది నిమిషాలు చెప్తారు, మెయిల్‌లోనో చాట్‌లోనో వచ్చిన సందేహాలకు జవాబులిస్తారు, కూటమిలోని ఇతర యూనివర్సిటీల నుంచి విద్యార్థులు వచ్చినప్పుడు వాళ్లకు తోడుగా ఉంటారు.

దీనికి రెండో వైపు ఒకటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. విద్యార్థులు ఎక్కడ ఆగిపోతున్నారో యూనివర్సిటీలో కూటమి పనులు చూసే ఆఫీసుకు తిరిగి చెప్పడం. ఉదాహరణకు ఒక చిన్న కోర్సుకు దరఖాస్తు ఫారంలో ‘యూనివర్సిటీ సమన్వయకర్త సంతకం’ అని ఉంటుంది. ఆ సమన్వయకర్త ఎవరో ఎక్కడా రాసి ఉండదు. విద్యార్థి రెండు రోజులు వెతికి వదిలేస్తాడు. ఆఫీసులో మాత్రం ‘ఈ కోర్సు మీద ఎవరికీ ఆసక్తి లేదు’ అనుకుంటారు. ఈ మధ్యలో నిలబడి రెండు వైపులా మాట చేరవేసేవాడే మంచి అంబాసిడర్.

విద్యార్థి ప్రతినిధికీ అంబాసిడర్‌కూ తేడా ఏమిటి?

ప్రతినిధిని విద్యార్థులో విద్యార్థి సంఘమో ఎన్నుకుంటుంది లేదా పంపుతుంది, కూటమి స్టూడెంట్ కౌన్సిల్‌లో కూర్చుని నిర్ణయాల్లో పాల్గొంటాడు. అంబాసిడర్‌ను ఆఫీసు ఎంపిక చేస్తుంది. కాబట్టి ‘విద్యార్థులందరి తరఫున మాట్లాడుతున్నాను’ అనే హక్కు అంబాసిడర్‌కు ఉండదు. విధానాలు మార్చాలన్న పట్టుదల ఉంటే కౌన్సిల్ వైపు చూడండి. 2022 నుంచి జరుగుతున్న యూరోపియన్ స్టూడెంట్ అసెంబ్లీ కూడా ఉంది. మొదటిది స్ట్రాస్‌బర్గ్‌లో జరిగింది, కూటముల్లోని విద్యార్థులు దానికి దరఖాస్తు చేసుకుంటారు.

## దరఖాస్తు దగ్గర

నాది ఇండియన్ పాస్‌పోర్ట్. ఇవన్నీ యూరప్ వాళ్లకే ఇస్తారేమో?

ఈ అపోహ ఒక్కటి పోతే సగం పని అయినట్టే. ఎరాస్మస్ ప్లస్ కింద నడిచే విద్యార్థి కార్యక్రమాలకు చూసేది మీరు ఏ యూనివర్సిటీలో నమోదయ్యారన్నదే. పౌరసత్వం అడ్డు కాదు. అంబాసిడర్ ఎంపికలోనూ అంతే. నిజానికి బయటి దేశాల విద్యార్థులకు ఈ సమాచారం అందడం లేదని ఆఫీసులకు తెలుసు, ఆ విద్యార్థుల మధ్య తిరిగే మనిషి వాళ్లకు కావాలి.

నేనింకా హైదరాబాద్‌లోనే ఉన్నాను. అడ్మిషన్ లెటర్ వచ్చింది. ఇప్పుడే అప్లై చేయొచ్చా?

సాధారణంగా కుదరదు. యూనివర్సిటీలో పేరు నమోదై, విద్యార్థి నంబరు వచ్చాకే తీసుకుంటారు. ఈలోగా కూటమి న్యూస్‌లెటర్‌కు మెయిల్ ఐడీ ఇచ్చి పెట్టుకోండి, ప్రకటన ఏ నెలలో వస్తుందో అర్థమవుతుంది. చాలా చోట్ల శరదృతువు సెమిస్టర్ మొదట్లోనో, వేసవి సెలవులకు ముందో పిలుస్తారు.

మొదటి సెమిస్టర్‌లోనే వేసేయాలా, కాస్త ఆగాలా?

నా సలహా: వీలుంటే ఆగండి. మొదటి సెమిస్టర్‌లో ఇల్లు వెతుక్కోవడం, సిటీ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ ఆరు నెలల్లో కూటమి కార్యక్రమం ఒక్కదానిలో పాల్గొనండి. బ్లెండెడ్ ఇంటెన్సివ్ ప్రోగ్రాం అని ఉంటుంది: కొంత ఆన్‌లైన్‌లో నడిచి, 5 నుంచి 30 రోజులు ఇంకో దేశంలో కలిసి చదివే కోర్సు, కనీసం 3 క్రెడిట్లు వస్తాయి. ఒకటి చేసి వస్తే రెండో సెమిస్టర్‌లో మీరు చెప్పే మాటకు బలం ఉంటుంది. ఒక్క ఏడాది మాస్టర్స్ అయితే మాత్రం ఆగే వ్యవధి లేదు, మొదట్లోనే వేసేయండి.

జర్మన్ రాదు. ఇంగ్లీషులో కూడా తడబడతాను. పనికొస్తానా?

కూటముల్లో పని భాష ఇంగ్లీషే. మీతో పాటు కూర్చునే పోలండ్ అమ్మాయికీ, స్పెయిన్ అబ్బాయికీ అది మాతృభాష కాదు, వాళ్లూ పదాలు వెతుక్కుంటూనే మాట్లాడతారు. విషయం తెలిసి ఉండటం, అడిగినదానికి సూటిగా చెప్పడం ఉంటే చాలు. స్థానిక భాష కాస్త వస్తే బ్యాచిలర్స్ విద్యార్థులతో మాట్లాడటం తేలికవుతుంది, కాబట్టి యూనివర్సిటీ భాషా కేంద్రంలో క్లాసులకు వెళ్తూ ఉండండి.

మోటివేషన్ లెటర్‌లో ఏం రాయాలి?

నాకు చూపించిన లెటర్లలో చాలావాటి మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘యూరోపియన్ విలువల పట్ల నాకు ఎంతో మక్కువ. నాలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయి.’ ఇది ఎవరైనా రాయగలరు. చదివేవాళ్ల చేతిలో ఇలాంటివి ఒక కట్ట ఉంటాయి.

దీనికి బదులు మీ క్లాసులో మీరు చూసింది రాయండి. ఇలా: ‘మా మెకానికల్ మాస్టర్స్‌లో సగం మంది యూరప్ బయటి నుంచి వచ్చినవాళ్లు. ట్యూరిన్‌లో వారం రోజుల కోర్సు ఉందని మాలో ఎవరికీ తెలియలేదు. మెయిల్ వచ్చింది గాని, సబ్జెక్ట్ లైన్ చూసి ఎవరూ తెరవలేదు. నన్ను తీసుకుంటే మొదటి నెలలోనే ట్యుటోరియల్ అయ్యాక ఐదు నిమిషాలు అడిగి తీసుకుని ఈ సంగతి చెప్తాను.’ ఎవరికి చెప్తారు, ఎప్పుడు చెప్తారు, ఎలా చెప్తారు అన్నవి మూడూ ఇందులో ఉన్నాయి. ఇది చదివినవాళ్లకు మీరు పని మొదలుపెట్టేశారనిపిస్తుంది.

ఒక పేజీ దాటనివ్వకండి. ఏఐ చేత రాయించిన లెటర్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది. మీ ఇంగ్లీషులో రాసి, తప్పులు మాత్రం ఎవరితోనైనా దిద్దించుకోండి.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

ఎక్కువగా పావుగంట, అరగంట ఆన్‌లైన్ మాటామంతీలా సాగుతుంది. కూటమిలో ఏ యూనివర్సిటీలు ఉన్నాయో చెప్పమంటారు, మూడు నాలుగైనా గుర్తుండాలి. ‘నాకు వీటిమీద ఆసక్తి లేదు’ అన్న స్నేహితుడితో ఎలా మాట్లాడతారని అడుగుతారు. పరీక్షల సమయంలో ఎలా సర్దుకుంటారని అడుగుతారు. దీనికి ‘ఏం పర్లేదు, చేసేస్తాను’ అనకండి. ఫిబ్రవరిలో పరీక్షలు ఉంటే ఫిబ్రవరిలో పని చేయలేనని ముందే చెప్పడం వాళ్లకూ మంచిది.

## డబ్బు, పని గంటలు

జీతం ఇస్తారా?

చోటును బట్టి ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థి సహాయకుల ఒప్పందం మీద గంటకింత అని ఇస్తాయి, కొన్ని ఏడాదికింత అని గౌరవ భృతి ఇస్తాయి, చాలా చోట్ల ఇది స్వచ్ఛంద సేవ, సర్టిఫికెట్, ప్రయాణ ఖర్చులు మాత్రమే. ప్రకటనలో ఈ వివరం లేకపోతే దరఖాస్తుకు ముందే మెయిల్ పెట్టి అడగండి. అడగడం తప్పు కాదు. ఫీజుకూ అద్దెకూ పార్ట్‌టైం మీద ఆధారపడే విద్యార్థి ఉచితంగా వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలడో లెక్క చూసుకోవాల్సిందే.

ఆల్రెడీ పార్ట్‌టైం చేస్తున్నాను. వీసా పరిమితిలోకి ఇది కూడా వస్తుందా?

డబ్బు తీసుకుంటే ఆ ప్రశ్న వేసుకోవాలి. జర్మనీలో యూరప్ బయటి విద్యార్థులకు 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పరిమితి ఉంది. యూనివర్సిటీలోనే చేసే విద్యార్థి సహాయక ఉద్యోగాలను ఈ లెక్కలోకి తీసుకోరు. ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు. ఇటలీలో వారానికి 20 గంటలు, ఏడాది మొత్తానికి 1,040.

జర్మనీలో ఇంకొకటి గమనించండి. ఒప్పందం ఉద్యోగంగా కాకుండా ‘బిల్లు పంపండి, చెల్లిస్తాం’ అనే పద్ధతిలో ఉంటే అది స్వయం ఉపాధి కిందికి వస్తుంది. స్టూడెంట్ పర్మిట్ మీద దానికి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి కావాలి. సంతకం పెట్టేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఆ కాగితం చూపించండి.

దీనికి క్రెడిట్స్ వస్తాయా?

కొన్ని యూనివర్సిటీలు ఐచ్ఛిక కోర్సుగా లెక్కించి కొన్ని క్రెడిట్లు ఇస్తాయి, చాలావి ఇవ్వవు. క్రెడిట్ల కోసమే అయితే కూటమి కోర్సు ఒకటి చేయడం దగ్గరి దారి.

## పనిలోకి దిగాక

స్టాల్ దగ్గర గంటలు గంటలు నిలబడినా ఎవరూ రావట్లేదు. ఏం చేయాలి?

ముందు చోటు మార్చండి. మెయిన్ బిల్డింగ్ హాల్లో కన్నా మెన్సా అంటే క్యాంటీన్ బయట, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా నిలబడితే మనుషులు దొరుకుతారు. క్యూలో నిలబడినవాళ్లకు వేరే పనుండదు.

తర్వాత బల్ల మీద ఏముందో చూడండి. నీలం రంగు బ్రోషర్లు, పెన్నులు, సంచులు. పెన్ను తీసుకుంటారు, వెళ్లిపోతారు. నేను చేసింది ఇది: ఒకే ఒక్క ఏ-ఫోర్ కాగితం మీద డిపార్ట్‌మెంట్ల వారీగా ఆ సెమిస్టర్‌లో తెరిచి ఉన్న కోర్సులు, ఊరు, తేదీలు, గడువు రాసి ప్రింట్లు తీశాను. దగ్గరికి వచ్చినవాళ్లను ‘మా కూటమి గురించి విన్నారా?’ అని అడగడం మానేసి ‘మీది ఏ డిపార్ట్‌మెంట్?’ అని అడిగాను. ‘సివిల్’ అనగానే వేలు పెట్టి ఆ వరుస చూపించడమే. ‘గ్డాన్స్క్‌లో ఒక వారం, నీటి నిర్వహణ మీద, గడువు ఇంకా పన్నెండు రోజులుంది.’ అప్పుడు మనిషి ఆగుతాడు, ఫోను తీసి ఫోటో తీసుకుంటాడు, ‘డబ్బెవరిస్తారు?’ అని అడుగుతాడు. ఆ చివరి ప్రశ్నకు జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే దాన్నిబట్టే అతను వెళ్తాడో లేదో తేలుతుంది.

జూనియర్లు ఏపీఎస్ (మన చదువు పత్రాలు సరైనవేనని తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్), బ్లాక్డ్ అకౌంట్ (ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతా), వీసా గురించే అడుగుతున్నారు. చెప్పొచ్చా?

సీనియర్‌గా మీ అనుభవం చెప్పండి, అంబాసిడర్ హోదాలో మాత్రం చెప్పకండి. జర్మనీకి ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయింది, బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబరులో 11,904 యూరోలకు పెరిగింది. ఇలాంటివి మారుతూ ఉంటాయి. యూనివర్సిటీ పేరున్న ఐడీ నుంచి మీరు పాత అంకె ఒకటి రాస్తే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక కుటుంబం దాన్ని నమ్మి అప్పు లెక్క వేసుకుంటుంది. కాబట్టి రాయబార కార్యాలయం పేజీ లింకు ఇచ్చి అక్కడితో ఆపండి.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు మా వెబినార్‌లో మాట్లాడితే డబ్బిస్తామంటున్నారు.

వద్దు. అంబాసిడర్ పేరుతో ఎవరి దగ్గరా కమీషన్ గాని, మాట్లాడినందుకు డబ్బు గాని తీసుకోకండి. మీ ఫోటో, మీ హోదా వాళ్ల ప్రకటనలోకి వెళ్తాయి. చూసిన తల్లిదండ్రులు ఆ యూనివర్సిటీయే ఆ కన్సల్టెన్సీని సిఫారసు చేస్తోందనుకుంటారు. పిలుపు వచ్చిన విషయం మీ కోఆర్డినేటర్‌కు కూడా చెప్పండి. ఊళ్లో మీరు చదివిన కాలేజీ పిలిస్తే అది వేరు, ఆఫీసుకు తెలియజేసి నిశ్చింతగా మాట్లాడండి.

‘యూరోపియన్ డిగ్రీ వస్తుందా?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మీరు చేరిన యూనివర్సిటీ డిగ్రీయే వస్తుందని చెప్పండి. ఉమ్మడి యూరోపియన్ డిగ్రీ కోసం కమిషన్ 2024 మార్చిలో ఒక ప్రణాళిక ప్రకటించింది. అది ఇంకా దారిలో ఉన్న పని. కొన్ని కూటముల్లో ఉమ్మడి మాస్టర్స్ ఉన్నాయి, వాటికి విడిగా చేరాలి. ఉత్సాహం కొద్దీ లేనిది ఉన్నట్టు చెప్పడం అంబాసిడర్ చేయకూడని మొదటి పని.

ఈవెంట్ ఫోటోలు పెట్టడానికి ఏమైనా నియమాలున్నాయా?

ఉన్నాయి. డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద ముఖం గుర్తుపట్టేలా ఉన్న ఫోటోకు సమ్మతి తీసుకోవాలి, ఆఫీసులో దానికో ఫారం ఉంటుంది. ఈయూ నిధులతో జరిగే కార్యక్రమాల పోస్టర్ల మీద ఈయూ జెండా గుర్తు, సహనిధుల వాక్యం తప్పనిసరి. ఆఫీసు ఇచ్చిన ఫైలునే వాడండి, గూగుల్‌లో దొరికినది వాడొద్దు.

నేను వెళ్లిన కార్యక్రమం ఒకటి అసలు బాగా లేదు. నిజం చెప్పొచ్చా?

చెప్పాలి. ముందు ఆఫీసుకు వివరంగా రాయండి: ఏ రోజు, ఏ క్లాసు, ఏం లోపించింది. విద్యార్థి ముఖాముఖి అడిగితే ‘హాస్టల్ దూరం, గ్రూపు వర్క్ మాత్రం బాగుంది’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. అన్నీ బ్రహ్మాండం అని చెప్పే అంబాసిడర్ మాట రెండోసారి ఎవరూ వినరు.

## ప్రయాణాలు

ఇంకో దేశంలో సమావేశానికి పిలిచారు. నాకు వీసా కావాలా?

షెంగెన్ అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల ప్రాంతం. ఆ దేశాల్లో ఒకటి ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉండాలి. ఐర్లాండ్, బ్రిటన్ షెంగెన్‌లో లేవు. డబ్లిన్ యూసీడీ, ఎడిన్‌బరా ‘ఊనా యూరోపా’లో ఉన్నాయి, వారిక్ ‘యుటోపియా’లో ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఇండియన్ పాస్‌పోర్టుకు విడిగా వీసా తీసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. తేదీ ఖరారు కాగానే ఆహ్వాన పత్రం అడగండి. యూరోపియన్ తోటి అంబాసిడర్లకు ఈ ఇబ్బంది తట్టదు, కాబట్టి మీరే గుర్తుచేయాలి.

కార్డు ఇంకా చేతికి రాలేదు. వెళ్లొచ్చా?

ఇటలీలో వీసా గడువు అయిపోయి, పర్మిట్‌కు దరఖాస్తు చేసినట్టు ఇచ్చిన పోస్టాఫీసు రసీదు మాత్రమే ఉంటే ఇతర షెంగెన్ దేశాలకు వెళ్లకండి, ఆ రసీదు అక్కడ చెల్లదు. జర్మనీలో తాత్కాలిక పత్రాలు ఒకటికంటే ఎక్కువ రకాలున్నాయి, ప్రయాణానికి అన్నీ పనికిరావు. మీ చేతిలో ఉన్నది ఏ రకమో విదేశీయుల కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే టికెట్ బుక్ చేయనివ్వండి.

టికెట్లకు డబ్బు ముందు నేనే పెట్టుకోవాలా?

చాలా యూనివర్సిటీల్లో ముందు మీరు పెట్టుకుని తర్వాత తిరిగి తీసుకోవాలి, దానికి వారాలు పట్టొచ్చు. నెలాఖరులో అద్దె కట్టాల్సినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆఫీసే నేరుగా బుక్ చేయగలదా, అడ్వాన్సు ఇవ్వగలదా అని మొహమాటం లేకుండా అడగండి. బోర్డింగ్ పాస్, రైలు టికెట్, హోటల్ బిల్లు ఒక్కటీ పారేయకండి. హోటల్ బిల్లు మీ పేరు మీదే ఉండాలి.

అక్కడ జబ్బు చేస్తే ఇన్సూరెన్స్ పనిచేస్తుందా?

జర్మన్ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డు వెనక యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది. ఈయూ పౌరులు కానివాళ్లకు అది డెన్మార్క్, నార్వే, స్విట్జర్లాండ్‌లలో పనిచేయదు. కోపెన్‌హాగన్ ‘ఫోర్‌ఈయూ ప్లస్’లో ఉంది కాబట్టి ఈ అవసరం నిజంగానే పడుతుంది. ఆ దేశాలకు వెళ్లేముందు ప్రయాణ ఇన్సూరెన్స్ తీసుకోండి, కొద్ది యూరోలతో అయిపోతుంది.

## ఏడాది గడిచాక

ఉద్యోగానికి ఇది పనికొస్తుందా?

సీవీలో పదవి పేరు ఒక్కటే రాస్తే పెద్దగా రాదు. ఏం చేశారో రాస్తే వస్తుంది: ఎన్ని సెషన్లు నడిపారు, ఏ సమాచార పత్రం తయారుచేశారు, మీరు చెప్పినందువల్ల ఆఫీసు ఏం మార్చింది. కోఆర్డినేటర్ దగ్గర ఈ వివరాలతో సిఫారసు లేఖ అడగండి. వాళ్లు వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోకముందే అడగండి.

మధ్యలో మానేయొచ్చా?

మానేయొచ్చు. థీసిస్ వచ్చింది, ఇంటర్న్‌షిప్ వేరే ఊళ్లో దొరికింది, ఇవన్నీ మామూలే. ఒక నెల ముందు చెప్పండి, ఒప్పుకున్న కార్యక్రమాలు ఎవరికైనా అప్పగించండి. మెయిల్స్‌కు జవాబివ్వకుండా మాయమైపోతే ఆఫీసుకే కాదు, మీ వెనక దరఖాస్తు చేసే మన పిల్లలకూ ఇబ్బంది.

నా తర్వాత వచ్చేవాళ్లకు ఏం అప్పగించాలి?

విద్యార్థులు నిజంగా అడిగిన ప్రశ్నల జాబితా, ఏ డిపార్ట్‌మెంట్‌లో ఏ ప్రొఫెసర్ క్లాసులో ఐదు నిమిషాలు ఇస్తారో ఆ వివరం, మీ సమాచార పత్రం ఎడిట్ చేసుకోగల ఫైలు, ఆఫీసుకు చెప్పినా ఇంకా తీరని సమస్యలు. మీ చివరి నెలలో కొత్తవాళ్లను ఒకసారి స్టాల్ దగ్గరికి తీసుకెళ్లి, గంటసేపు వాళ్ల చేతే మాట్లాడించండి.